మధురపూడి నుండి మింగలడాన్ వరకు

రాజమహేంద్రవరమునకు ఉత్తరముగా, కోరుకొండకు పోవు దారిలో, పట్టణమునుండి సుమారు 18 కిలోమీటర్ల దూరమున మధురపూడి విమానాశ్రయము కలదు. బంగాళాఖాతమున కావలి యొడ్డున, ఐరావతీ నది సముద్రములో కలియు మాగాణి భూములలో, రంగూను నగరమునకు ఉత్తరముగా మింగలడాన్ విమానాశ్రయము కలదు. భూగోళపటమును ముందిడుకొని ఈ రెండు స్థలములను వెదకిన వానికి మొదట విస్మయము గొలుపు విషయమేమనగా, ఇవి రెండును ఇంచుమించుగ ఒకే అక్షాంశరేఖపై నున్నవి. రెంటికి నడుమ ఉత్తర దక్షిణములుగా గల భేదము డిగ్రీలో అయిదవ వంతు మాత్రమే. తూర్పు పడమరలుగా గల యెడము మాత్రము పదునాలుగు డిగ్రీల పైచిలుకు. మధురపూడిలో నిలిచి, విషువద్దినమున ఉదయించు సూర్యుని కెదురుగా చూచినవాని చూపు సాగు దిక్కుననే రంగూనున్నది. ఆ సూర్యుడు మనకంటె సుమారు 57 నిమిషములు ముందుగా అచటివారికి కనబడి వచ్చుచున్నాడు.

ఈ రెండు విమానాశ్రయముల నడుమ ఆకాశమార్గమున దూరము సుమారు 1,520 కిలోమీటర్లు. ఇది మధురపూడినుండి ఢిల్లీకి గల దూరముకంటె నూటయరువది కిలోమీటర్లు మాత్రమే ఎక్కువ. భూమి గుండ్రముగ నున్నందున రెండు స్థలముల నడుమ అతిస్వల్పమైన దారి అక్షాంశరేఖ ననుసరింపక కొంచెము ఉత్తరముగా వంగి పోవుననుట గణితజ్ఞులెరిగినదే. కాని మన ప్రయాణములో ఆ వంపు పదునాలుగు కిలోమీటర్లకు మించదు, దానివలన కలిసివచ్చు దూరము అర కిలోమీటరైనను లేదు. కావున ముక్కుకు సూటిగా తూర్పునకు పోయినను చాలును. గంటకు 800 కిలోమీటర్ల వేగముతో ఎగురు జెట్ విమానమునకు, ఎక్కుటకును దిగుటకును పట్టు కాలమును కలుపుకొని, రెండుంబావు గంటలు చాలును. బర్మా గడియారము మన గడియారముకంటె ఒక గంట ముందు నడచును గనుక, ఉదయమున ఆరు గంటలకు మధురపూడిలో బయలుదేరినవాడు అచట తొమ్మిదింబావుకు దిగును. తిరుగుప్రయాణములో ఆరుకు బయలుదేరి ఏడుంబావుకే మన గడ్డపై కాలు మోపును.

ఇదంతయు లెక్క. ఇట్టి విమానమొకటియు నేడు లేదు. లేకపోవుట కాశ్చర్యపడవలసిన పనిలేదని కొందరనవచ్చును. కాని ఈ రెండు నదీముఖముల నడుమ నూరేండ్లకు పైగా జరిగిన రాకపోకల చరిత్ర తెలిసినవారు అట్లనలేరు. దూరమును కొలుచుటకు రెండు కొలబద్ద లున్నవి. ఒకటి మైళ్ళ లెక్క, అది మారదు. రెండవది దినముల లెక్క, అది మారుచునే యుండును. గోదావరి రంగూనుల విషయమున ఈ రెండవ లెక్క యెట్లు మారినదో, ఎవరివలన మారినదో చెప్పుట యీ వ్యాసముయొక్క ఉద్దేశము. అది యంత్రముల శక్తిని బట్టి కాక మనుష్యుల నిర్ణయములను బట్టి మారినదని నా నిశ్చితాభిప్రాయము.

తెరచాపల కాలముతో నారంభింతము. గోదావరి పాయలు సముద్రమును చేరు తావులన్నియు ఒకప్పుడు రేవులే. పశ్చిమమున వసిష్ఠాగోదావరి యొడ్డున నరసాపురమున్నది. పదునేడవ శతాబ్దమున అచటి వడ్రంగులు కట్టిన ఓడలను గూర్చి థామస్ బౌరీ యను ఆంగ్ల నావికుడు ప్రశంసాపూర్వకముగ వ్రాసియున్నాడు. దానికి చేరువనే ఆంగ్లేయుల మాధవపాలెము గిడ్డంగి, పాలకొల్లులో డచ్చివారి స్థావరము, తూర్పున గౌతమీతీరమున ఫ్రెంచివారి యానాము, ఆంగ్లేయుల ఇంజరము, వాని కన్నిటికిని తలమానికమువలె కోరంగి, తాళ్ళరేవు. కోరంగిలో ఓడలు కట్టుటయేకాక, పగిలిన ఓడలను ఒడ్డునకు చేర్చి బాగుచేయుటయు ప్రసిద్ధమైన పని. దానికి కావలసిన టేకుమ్రాను పెగూదేశమునుండి, అనగా నేటి దిగువ బర్మానుండి, వచ్చుచుండెడిది. ఇచటినుండి నేత వస్త్రములు అటు పోవుచుండెడివి. మన బట్ట వారి యొంటిపైనను, వారి కలప మన ఓడలలోను ఉన్న కాలమది.

ఆ కాలమున దినముల లెక్క గాలి చేతిలో నుండెను. నైరుతి గాలి తూర్పునకు తరుమును, ఈశాన్యపు గాలి ఇంటికి చేర్చును. గంటకు నాలుగు నాటికల్ మైళ్ళ చొప్పున ఎడతెగక సాగిన ఓడకు కోరంగినుండి రంగూనునకు తొమ్మిది దినములు చాలును. కాని ఎడతెగని గాలి యెన్నడుండును? నడిసంద్రమున గాలి పడిపోయిన, ఓడ నిలిచిన చోటనే నిలిచియుండెను. పోయినవాడు తిరిగి వచ్చుటకు గాలి మరలు వరకు నెలల తరబడి ఆవలి యొడ్డున కాచుకొని యుండవలెను. కనుక రంగూను ప్రయాణమనగా ఒక పంటకాలము. నావికుని భార్య తన భర్త రాకను తిథులతో కాక ఋతువులతో లెక్కించుకొనెడిది.

గాలి దయ తప్పినప్పుడు కలుగు విధ్వంసమును కోరంగి చూచినట్లు మరియొక తెలుగు రేవు చూడలేదు. 1789 డిసెంబరులో వచ్చిన తుపాను, దానివెంట వచ్చిన ఉప్పెన ఆ పట్టణమును ముంచివేసినవి; వరుసగా మూడు తరంగములు లేచి ఊరిని కబళించినవని హెన్రీ పిడింగ్‌టన్ వ్రాసెను. తుపానులకు సైక్లోనను పేరు పెట్టి లోకమునకిచ్చినవాడు ఈ పిడింగ్‌టనే. తిరిగి కోలుకొన్న కోరంగిని 1839 నవంబరులో మరియొక ఉప్పెన తుడిచిపెట్టెను. అటుపైని గోదావరి తెచ్చిన ఒండ్రు రేవునోటిని పూడ్చివేయగా, ఓడలు కాకినాడకు తరలిపోయినవి. నేడు కోరంగిని చూడబోవువారు మడ అడవులను చూచి వచ్చుచున్నారు. అవి చూడదగినవే, కాని ఆ బురదక్రింద ఒక నౌకానిర్మాణ కేంద్రము పూడియున్నదని పిల్లలకు చెప్పు పలక యొకటి అచట ఉండిన బాగుండును.

ఊరు పోయినను పేరు పోలేదు. బర్మావారు తెలుగువారి నందరిని కోరంగీలని పిలిచిరి. శ్రీకాకుళమునుండి పోయినవాడును కోరంగీయే, విజయనగరమువాడును కోరంగీయే. వాస్తవమునకు రంగూను పోయిన కూలీలలో పెద్దభాగము నాటి విశాఖపట్టణము, గంజాము జిల్లాలవారు; 1852 నాటికి ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియై కాలువలు పారిన గోదావరి జిల్లాలో కూలికి కొదువలేకుండుటచే ఇచటినుండి పోయినవారు సాపేక్షముగ తక్కువ. అయినను రామచంద్రపురము, పిఠాపురము, తుని ప్రాంతముల పేదలు, కోనసీమలో భూమిలేని కుటుంబములు ఓడ ఎక్కిన దాఖలాలు లేకపోలేదు. గ్రామములలో వృద్ధులు దానిని రంగమనియే పలికెదరు. రంగము పోయినవాడన్న మాటలో ఆశయు, భయమును సమపాళ్ళలో నుండెడివి.

ఆనకట్ట కట్టిన 1852వ సంవత్సరముననే ఆంగ్లేయులు రెండవ బర్మాయుద్ధము చేసి పెగూ రాష్ట్రమును ఆక్రమించుట విచిత్రమైన కాకతాళీయము. ఒక డెల్టాకు నీరు కట్టిన పాలకులే మరియొక డెల్టాను సేద్యమునకు తెరచిరి. ఐరావతీముఖమున అడవులు నరికి వరి వేయుటకు బర్మారైతులు దిగిరాగా, ఆ ధాన్యమును పడవలనుండి మోయుటకు, మిల్లులలో ఆడించుటకు, ఓడల కెత్తుటకు చేతులు కావలసివచ్చినవి. ఆ చేతులు తెలుగుతీరమునుండి వచ్చినవి. 1856లో కలకత్తా రంగూనుల నడుమ తపాలా మోయుటకై స్థాపింపబడి, 1862నుండి బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ యను పేర ప్రసిద్ధికెక్కిన ఆవిరియోడల సంస్థ ఈ చేతులను మోయుటయే తన ముఖ్య వ్యాపారములలో ఒకటిగా చేసికొనెను.

రాజమహేంద్రవరపువాడొకడు 1890 ప్రాంతమున రంగూను బయలుదేరినాడనుకొందము. ధవళేశ్వరము లాకు దగ్గర పడవ ఎక్కవలెను. గట్టుపై మనుష్యులు త్రాడు లాగుచు నడువగా, చల్లగాలి వీచిన చాప యెత్తగా, ఆ పడవ కాలువ వెంబడి రాత్రియంతయు సాగి కాకినాడ చేరెడిది. సామర్లకోట మీదుగా రైలు వచ్చిన తరువాత ఈ రాత్రి ప్రయాణము కొలది గంటలకు తగ్గెను. కాకినాడలో ఆవిరియోడ యొడ్డునకు రాదు. లోతు చాలని ఆ రేవులో అది తీరమునకు కొన్ని మైళ్ళ దూరమున లంగరు వేసికొని నిలుచును. జనమును, మూటలను చిన్న పడవలలో నింపి, అలలపై ఊగించుచు ఓడ ప్రక్కకు చేర్చి, నిచ్చెనమీదుగా పైకెక్కింతురు. ఎక్కిన పిమ్మట డెక్కుపై ఎవడు పరచుకొన్న చాప వానికి ఇల్లు. తిండి తెచ్చుకొన్నవానికి తిండి. లేనివానికి కూలికి కుదిర్చిన మేస్త్రీ పెట్టినది.

ఓడ సూటిగా తూర్పునకు పోదు. తొలుత కూలీలను ఎక్కించుకొనుటకు విశాఖపట్టణము, భీమునిపట్టణము, కళింగపట్టణము, బారువ, గోపాలపురము రేవులలో ఆగుచు పోయెడి ఓడలు కొన్ని. సముద్రము దాటిన మీదట కూడ రంగూను నేరుగా ఎదురుపడదు; అది తీరమునుండి లోపలికి నదిపై నున్నది, దానికిని మనకును నడుమ ఐరావతీ డెల్టా అంతయు అడ్డుగా పరచుకొని యున్నది. కావున ఓడ దక్షిణముగా దిగి, నెగ్రాయిస్ అగ్రమునకు దిగువనున్న అల్గువాడా దిబ్బ ప్రక్కగా తిరిగి, మరల ఉత్తరముగా నదీముఖమున ప్రవేశింపవలెను. ఆ దిబ్బపై ఎన్ని ఓడలో బ్రద్దలైన తరువాత, కెప్టెన్ ఫ్రేజరను ఇంజనీరు నడిసంద్రపు రాతిపై ఎత్తయిన దీపస్తంభమును నిర్మించెను. అది 1865లో వెలిగెను. ఆ వెలుగు కనబడిననాడు డెక్కుపైని జనము, ఇక ఒక పగలు ఒక రాత్రి లోపుగా నేల తొక్కుదుమని లేచి కూర్చుండి యుందురు.

ఈ చుట్టుదారి అంతయు లెక్కించిన కాకినాడనుండి రంగూనునకు సుమారు 850 నాటికల్ మైళ్ళు. గంటకు పది మైళ్ళ ఓడకు మూడున్నర దినములు, పండ్రెండు మైళ్ళ ఓడకు మూడు దినములు. తొమ్మిది దినములు కనీసమై, నెలల నిరీక్షణతో కూడిన తెరచాప ప్రయాణము ఆవిరి వచ్చిన పిమ్మట మూడుదినముల ప్రయాణమైనది. అంతకుమించి, గాలి ఎటు వీచినను, ఏ నెలలోనైనను, వారము తప్పక పోయిరాదగిన ప్రయాణమైనది. పాస్‌పోర్టు లేదు, వీసా లేదు. బర్మా నాడు హిందూదేశ ప్రభుత్వమునకు లోబడిన రాష్ట్రము. కాకినాడనుండి రంగూను పోవుట చట్టము దృష్టిలో కాకినాడనుండి మద్రాసు పోవుట వంటిదే. 1920వ దశకమున సముద్రముపై బర్మా చేరువారి సంఖ్య ఏటేట మూడులక్షలకు పైబడియుండెను. వారిలో అనేకులు అదే యేడు తిరిగి వచ్చుచుండిరి. 1931 జనాభా లెక్కలలో బర్మాలో హిందూదేశీయులు పదిలక్షలకు పైన, అందులో తెలుగువారు లక్షన్నరకు పైబడియుండిరి; రంగూను నగరమున సగమునకు పైగా మనదేశపు జనమే.

అయితే మూడుదినములని నేను వ్రాసినది ఓడకు పట్టిన కాలమే. మనిషికి పట్టిన కాలము వేరు. మేస్త్రీ ఊరికి వచ్చి, చేతిలో కొంత సొమ్ము పెట్టి, టిక్కెట్టు తానే కొని, ఆ ఖర్చంతయు కూలిలో విరుగగొట్టుకొనెదనని వ్రాయించుకొన్న పత్రము తీరువరకు ఆ మనిషి ఇల్లు చేరలేడు. ఇ. జె. ఎల్. ఆండ్రూ యను అధికారి 1933లో ప్రకటించిన గ్రంథమున రంగూను కూలీల బసలను, మేస్త్రీల ఏర్పాటును వర్ణించియున్నాడు. ఒక గదిలో పట్టదగినవారికి ఎన్నో రెట్లు జనము. పగటి పనివారు లేచినచోట రాత్రి పనివారు పండుకొనుట. కూలి పై మేస్త్రీనుండి క్రింది మేస్త్రీకి, వానినుండి కూలివానికి దిగివచ్చునప్పటికి సన్నగిల్లుట. ఓడపై మూడు దినములలో పోయినవాడు అప్పుపై మూడేండ్లకు తిరిగివచ్చినచో, వానికి రంగూను ఎంత దూరమని చెప్పవలెను? ఓడకంపెనీల కాలపట్టికలలో ఈ లెక్క ఉండదు. చరిత్రకారులైనను దీనిని లెక్కించుట న్యాయము.

1930 మే నెలలో ఈ కూలివారి కథ రక్తసిక్తమైనది. రేవులో సరకులెత్తు తెలుగువారు కూలి పెంచుమని పని మానిరి. వారి స్థానమున బర్మావారిని పెట్టుకొనిరి. కొన్నాళ్ళకు తెలుగువారితో రాజీ కుదిరి వారు మరల పనికి రాగా, క్రొత్తగా చేరిన బర్మావారిని వెళ్ళగొట్టిరి. రెండు పేదజాతులను ఒకరి కడుపుపై ఒకరిని నిలబెట్టిన యజమానుల నేర్పు ఫలించి, అల్లర్లు చెలరేగినవి. అధికారుల లెక్కప్రకారమే నూరుమందికి పైగా చనిపోయిన ఆ అల్లర్లలో వధింపబడినవారు ప్రధానముగ తెలుగుకూలీలు. బర్మావారి కోపమునకు కారణము లేకపోలేదు. వారి దేశమున వారి కూలి, వారి భూమి పరులపాలగుట వారు చూచుచుండిరి. కాని ఆ పాపమునకు బాధ్యులు మూటలు మోసిన మన పేదలు కారు.

ఈలోపుగా ఆకాశము తెరువబడెను. 1932 అక్టోబరు 15న జె. ఆర్. డి. టాటా కరాచినుండి బొంబాయికి తపాలా విమానము నడిపెను. అచటినుండి అది బళ్ళారి మీదుగా మద్రాసు చేరెను. 1933లో ఇంపీరియల్ ఎయిర్‌వేస్ వారు లండను కరాచీ మార్గమును కలకత్తా వరకు, అటుపైని రంగూను వరకు, ఆ యేడు ముగియులోపుగా సింగపూరు వరకు పొడిగించిరి. గోదావరివాసికి దీనివలన కలిగిన మేలు శూన్యము. ఆ విమానములు ఒక్క గుక్కలో ఎక్కువదూరము పోజాలవు. నడుమ నడుమ దిగి ఇంధనము నింపుకొనవలెను. బంగాళాఖాతమును అడ్డముగ దాటు సాహసము చేయక, అవి కలకత్తానుండి తీరమును పట్టుకొని అక్యాబు మీదుగా రంగూను చేరెడివి. తెరచాప ఓడలు చేసిన సూటి ప్రయాణమును తొలి విమానములు చేయలేకపోయినవి. రంగూనునకు ఆకాశద్వారము కలకత్తా అయినది. కోరంగి, కాకినాడ ఆ చిత్రములోనుండి తొలగిపోయినవి. నాడు గీసిన ఆ దారియే కొద్దిమార్పులతో నేటికిని నిలిచియున్నదనుట గమనింపదగినది.

1937 ఏప్రిలు 1న బర్మా హిందూదేశమునుండి వేరుచేయబడెను. 1941లో వలసలను కట్టడిచేయు ఒడంబడిక కుదిరెను. కూలివాడును పత్రములు చూపవలసిన దినములు వచ్చుచున్నవని అప్పటికే తెలిసినది. కాని ఆ ఒడంబడిక పూర్తిగా అమలగుటకు ముందే యుద్ధము వచ్చెను.

1941 డిసెంబరు 23న జపాను విమానములు రంగూనుపై బాంబులు వేసెను. రేవుకూలీలు మొట్టమొదట చెదరిరి, రేవే తొలి గురిగనుక. సముద్రము మూసికొనిపోయెను, టిక్కెట్లు దొరకినవారు కొద్ది ఓడలలో పోయిరి, విమానములలో పోయినవారు మరింత కొద్దిమంది, వారిలో మన కూలివాడుండెనని ఎవరును చెప్పజాలరు. తక్కినవారు నడచిరి. రంగూనునుండి ప్రోముకు, ప్రోమునుండి టాంగప్ కనుమ దాటి అరకాను తీరమునకు, అచటినుండి చిట్టగాంగుకు ఒక దారి. మాండలే, కలేవా, తము మీదుగా మణిపురమున ఇంఫాలుకు మరియొక దారి. సుమారు అయిదు లక్షలమంది ఈ దారులబట్టి స్వదేశమునకు బయలుదేరిరని చరిత్రకారుల అంచనా. కలరా, మలేరియా, దప్పిక, ఆకలి, వాన వచ్చిన పిమ్మట బురద. దారిప్రక్కన రాలినవారు వేలకు వేలు. మూడు దినముల దూరము మూడు నెలల దూరమైనది. ఏ తెరచాప కాలముననైనను అంత దూరము కాలేదు. మైళ్ళు పెరుగలేదు, సముద్రము వెడల్పుకాలేదు. మనుష్యులు దారి మూసిరి.

1942 మార్చి 8న రంగూను జపానువశమయ్యెను. నెల తిరుగక మునుపే, ఏప్రిలు 6న, బంగాళాఖాతమున ప్రవేశించిన జపాను నౌకాదళముయొక్క విమానములు కాకినాడమీదను, విశాఖపట్టణము మీదను బాంబులు విసరెను. ఆ కొద్ది దినములలోనే తీరము వెంబడి ఇరువదికి పైగా వాణిజ్యనౌకలు మునిగిపోయినవి. కూలీల నెక్కించుకొని తూర్పునకు సాగిన ఓడలు లంగరు వేసిన రేవుమీదనే తూర్పునుండి వచ్చిన విమానములు బాంబులు వేయుట గోదావరితీరమున ఆకాశయుగము ప్రవేశించిన రీతి. ఆ పట్టణములనుండి జనము బండ్లు కట్టుకొని పల్లెలకు తరలిపోయిరి.

యుద్ధానంతరము కొందరు మరల పోయిరి. కాని 1947లో వలసను నియంత్రించు చట్టము, 1948 జనవరి 4న బర్మా స్వాతంత్ర్యము, వీటితో పాత స్వేచ్ఛ తిరిగి రాలేదు. 1962 మార్చిలో జనరల్ నె విన్ అధికారమును హస్తగతము చేసికొని, తరువాతి రెండేండ్లలో వర్తకమును, దుకాణములను ప్రభుత్వపరము చేయగా, తరతరములుగ అచటనే పుట్టిపెరిగిన మనవారు లక్షన్నరకు పైగా ఓడలెక్కి మాతృదేశమునకు వచ్చిరి. చూడని దేశమునకు తిరిగివచ్చుట యనగా నేమో వారికే తెలియును. విశాఖపట్టణమున కంచరపాలెము ప్రాంతమున బర్మాక్యాంపు వారివలన ఏర్పడినదే. పోలేక, పోవనొల్లక నిలిచినవారి సంతతి నేటికిని మోల్మేను చుట్టుపట్ల గ్రామములలో తెలుగు పండుగలు చేసికొనుచున్నారు.

మధురపూడి కథ మరియొక కథ. దానిని క్లుప్తముగ చెప్పవచ్చును. బ్రిటిషువారి కాలమున వెలసిన ఈ విమానక్షేత్రమున 1980వ దశకమున వాయుదూత్ సంస్థ చిన్న విమానములు నడిపెను. అవి ఆగిపోయిన పిమ్మట చాలకాలము ఆ మైదానము నిశ్శబ్దముగ పడియుండెను. 2007 ప్రాంతమున మరల రాకపోకలు మొదలై, 2012 మే నెలలో నూతన భవనము తెరువబడెను. తరువాత 1,749 మీటర్ల పరుగుబాటను 3,165 మీటర్లకు పొడిగించిరి. 2024 డిసెంబరులో ముంబయికి, ఢిల్లీకి నేరుగా పెద్ద విమానములు బయలుదేరినవి. ఈ పరుగుబాటపైనుండి లేచి, ఢిల్లీ వరకు పోగల విమానము ఏదైనను ఇంధనమునకై నడుమ దిగకుండ రంగూను వరకును పోగలదు. యంత్రమున లోపమేమియు లేదు.

మరి నేడు మధురపూడినుండి మింగలడాన్ పోదలచినవాడేమి చేయవలెను? మొదట రంగూనునకు వీపు త్రిప్పి, 360 కిలోమీటర్లు పడమరగా హైదరాబాదు పోవలెను. అచటినుండి సుమారు 2,420 కిలోమీటర్లు ఎగిరి బ్యాంకాకు చేరవలెను. ఈ ప్రయాణమున విమానము బంగాళాఖాతమును దాటి, రంగూనునకు ఎంతో ఆవలకు పోవును. బ్యాంకాకునుండి తిరిగి వాయవ్యముగ 610 కిలోమీటర్లు వెనుకకు రావలెను. మొత్తము 3,390 కిలోమీటర్లు. సూటిదారికి రెట్టింపుకంటె మిక్కిలి ఎక్కువ. ఆకాశమున గడపు కాలము ఏడు గంటల లోపే యైనను, విమానాశ్రయములలో నిరీక్షణ కలుపుకొనిన పగలు రాత్రియు చాలునో చాలవో. కలకత్తా మీదుగా పోయిన దూరము తగ్గును, వేచియుండు కాలము తగ్గునని చెప్పలేము.

దీనికి ప్రక్కన కువైటును పెట్టి చూడుడు. కోనసీమనుండి, పశ్చిమగోదావరి మెరకప్రాంతములనుండి నేడు కూలికిని, ఇంటిపనికిని పోవువారు, వారిలో స్త్రీలు వేలసంఖ్యలో, పోవునది ఆ దిక్కునకే. మధురపూడినుండి కువైటు 3,700 కిలోమీటర్లు. రంగూనుకంటె రెండున్నర రెట్ల దూరము. కాని హైదరాబాదు మీదుగా పోయినచో ఆ దారికి అదనముగ కలియు చుట్టు యాబది కిలోమీటర్లైనను ఉండదు. పడమటికి పోవు పేదకు దారి సూటిగా నున్నది. తూర్పునకు పోవువానికి లేదు. విమానములు అక్షాంశములను చూచి ఎగురవు, టిక్కెట్టు కొనువారిని చూచి ఎగురును. బుద్ధగయకు పోవు బర్మా యాత్రికులకొరకు గయనుండి రంగూనునకు నేరుగా విమానములు నడచిన సంగతి దీనికి సాక్ష్యము.  కాగా, కువైటు పోవు ఆడపడుచుల వెంట పాత రంగము మేస్త్రీ క్రొత్త పేరుతో, ఏజెంటను పేరుతో, నడచుచునే యున్నాడు. చేతిలో పెట్టిన సొమ్ము, తీరని అప్పు, దాచిపెట్టిన పాస్‌పోర్టు. ఓడకు మూడు దినములు, కూలికి మూడేండ్లు అన్న పాత లెక్కకు, విమానమునకు అయిదు గంటలు, ఆడమనిషికి అయిదేండ్లు అను క్రొత్త లెక్క సరిగా సరిపోవుచున్నది. రంగూను చరిత్రను మన పాఠశాలలలో చెప్పియుండినచో ఈ రెండవ ప్రయాణమునకు మన జిల్లాలు మరికొంత సిద్ధముగ నుండెడివి.

బర్మాలో నేడు నెలకొన్న అశాంతి తొలగినమీదట ఈ తూర్పుదారిని మరల తెరువదలచినచో కావలసినవి పెద్దవేమియు కావు. మధురపూడిలో పరదేశప్రయాణికులను పరీక్షించు వలసశాఖవారి గది యొకటి, సుంకాధికారుల బల్ల యొకటి, వారమున కొక్క విమానము. వర్తకులు తొలుత రాకపోవచ్చును. వచ్చువారు మోల్మేనునుండి తాతగారి యూరు చూడదలచిన తెలుగు కుటుంబములు, బర్మాక్యాంపునుండి పుట్టిననేల చూడదలచిన వృద్ధులు. రంగూనులో పుట్టి 1964లో బాల్యముననే ఓడ ఎక్కినవారికి నేడు అరువదియైదేండ్లు దాటినవి. ఆ ప్రయాణమును వారిచేత చెప్పించి వ్రాయించుకొను పనికి మాత్రము వలసశాఖ గది అవసరము లేదు. రాజమహేంద్రవరమున గౌతమీ గ్రంథాలయము వంటి సంస్థలున్నవి, కాకినాడలో కళాశాలలున్నవి. విమానము ఎప్పుడు వచ్చునో కాని, ఈ పని ఈ యేడే మొదలిడవలెను.